ఖాసిం భాయ్ ఒత్తిన డబ్బా

నాలుగేళ్లుగా నేను ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రెండే మాటలు. "లింక్ పనిచేస్తోంది." ఇది అబద్ధం కాదు. అబద్ధమైతే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టుకునేవారు, నేను తల వంచుకునేవాణ్ని, ఏదో ఒక శిక్ష పడేది, అక్కడితో అయిపోయేది. నిజం కాబట్టే ఎవరూ పట్టుకోలేదు. నిజం కాబట్టే ఇంత బరువు.

ఇంట్లో చెప్పలేదు. నాతో ఒకే గదిలో ఉండే ముగ్గురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అక్కర్లేదు. నా పని మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన తప్పు నా పనితోనే చేశాను.

నేను వెబ్‌సైట్లకు మెనూలు తయారు చేస్తాను. ఒక మనిషి వెబ్‌సైట్ తెరిచినప్పుడు తనకు కావలసింది ఎక్కడుందో తడుముకోకుండా దొరకాలి. దానికోసం ఏది పైన పెట్టాలి, ఏది లోపల పెట్టాలి, దేనికి ఏ పేరు పెట్టాలి అని ఆలోచించడమే నా ఉద్యోగం. ఈ పనికి నియమాలున్నాయి. చదువుకునే రోజుల్లో వాటిని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. ఎక్కువగా వాడేది కళ్లముందు ఉండాలి. పేరు వాడేవాడి మాటల్లో ఉండాలి, ఆఫీసు మాటల్లో కాదు. అలవాటైన చోటు మార్చకూడదు. మార్చక తప్పకపోతే ముందే చెప్పాలి. దారి తప్పినవాడికి తప్పానని తెలియాలి.

ఐదు నియమాలు. ఐదింటినీ తప్పాను. తెలియక కాదు. వాటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ, ఒక్కొక్కటిగా తప్పాను.

ఖతార్‌లో నా మొదటి ఉద్యోగం ఒక కంపెనీలో. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లకు మనుషుల్ని, బస్సుల్ని పంపడం ఆ కంపెనీ పని. కూలీలు, డ్రైవర్లు అల్ ఖోర్ దగ్గర క్యాంపుల్లో ఉండేవారు. నేను దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత బిల్డింగులో, నలుగురున్న గదిలో కిటికీ పక్క మంచం మీద ఉండేవాణ్ని. మిగతా ముగ్గురివీ వేరే రాష్ట్రాలు, వేరే భాషలు. ఆరు నెలల ప్రొబేషన్. ఆఫీసులో పని ఉన్నంతసేపు బాగానే ఉండేది. శుక్రవారం వస్తే భయం వేసేది. ఆ రోజు నోరు తెరిచి ఒక్క తెలుగు మాట కూడా మాట్లాడకుండా గడిచేది. మాట్లాడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. సాయంత్రానికి గొంతు ఎండిపోయినట్టు ఉంటుంది, అంతే.

నాకిచ్చిన పని, క్యాంపులో వాళ్ల కోసం ఫోన్లో తెరుచుకునే వెబ్‌సైట్‌ను పాతదాని బదులు కొత్తగా తయారుచేయడం. సెలవు అడగాలన్నా, గదిలో ఏసీ పాడైనా, డ్యూటీ మార్చుకోవాలన్నా అందులోనే పెట్టాలి. కాగితం మీద రాసిస్తే తీసుకోరు. క్యాంప్ బాస్‌కు నోటితో చెబితే లెక్కలోకి రాదు. అప్పటికే ఉన్న పాత సైట్ ఇంగ్లీషు, అరబ్బీ, హిందీల్లో ఉండేది. క్యాంపులో సగం మంది ఈ మూడూ చదవలేరు. మరి ఎలా వాడతారు? ఆఫీసులో కూర్చుంటే తెలియదు. అందుకే అడిగి, అనుమతి తీసుకుని, ఒక శుక్రవారం క్యాంపుకు వెళ్లాను.

ఖాసిం భాయ్‌ని అక్కడే మొదటిసారి చూశాను. మెట్‌పల్లి మనిషి. యాభై దాటి ఉంటాయి. గల్ఫ్‌లో పంతొమ్మిదేళ్లుగా బస్సు నడుపుతున్నాడు. నేను తెలుగువాణ్నని తెలియగానే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. ఫోన్ ఇచ్చి, డ్యూటీ మార్పు ఎలా అడుగుతారో చూపించమన్నాను. స్క్రీన్ మీద ఏం రాసుందో చదవగలరా అని కూడా అడిగాను.

"చదువుడు గిదువుడు ఏంది మియా?" అని నవ్వాడు. "రోడ్డు మీద బోర్డులు చదువుకుంట పోతనా? ఆకారం జూస్త, రంగు జూస్త, బండి తిప్పుత. ఇది గూడ గంతే. సూడు. పైకెల్లి మూడో వరుస. కుడిదిక్కు. ఎర్ర డబ్బా. ఒత్తితే డ్యూటీ మారుస్తది."

"ఆయన బస్సు నడిపినట్టే ఫోను నడుపుతడు సారూ," అన్నాడు ఎదురు మంచం మీది రాజన్న. సిరిసిల్ల వైపు మనిషి, ప్లాంట్‌లో పరంజీలు కడతాడు. "బ్రేకులుండయ్."

"నీకు కుళ్లు బే. నీ పరంజి ఎక్కినోడు దిగేదాంక దేవునికి మొక్కుతడు. నా బస్సెక్కినోడు నిద్రపోతడు."

గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వారంలో అదే మొదటిసారి.

రాజన్న తన ఇనుప అల్మారా తలుపు చూపించాడు. లోపలివైపు మార్కర్‌తో తొమ్మిది గళ్లు గీసి ఉన్నాయి, స్క్రీన్ మీద ఉన్నట్టే. మొదటి గడిలో విమానం బొమ్మ, సెలవుకు. మధ్య గడిలో ఫ్యాన్, గదిలో ఏదైనా పాడైతే. చివరి గడిలో బస్సు బొమ్మ, డ్యూటీ మార్పుకు. కొత్తగా వచ్చినవాడికి ఎవరో ఒకరు ఆ తలుపు తీసి చూపిస్తారు. నేపాలీలు, బెంగాలీలు కూడా వచ్చి చూసుకుని పోతారట. ఒకసారి నేర్చుకున్నాక వాళ్లు స్క్రీన్ మీద అక్షరాలు చూడరు. వేలు తనంతట తాను ఆ చోటికి పోతుంది.

ఆ తలుపు ఫోటో తీసుకున్నాను. దాన్ని ముందు పెట్టుకునే కొత్త సైట్ తయారుచేశాను. పెద్ద గళ్లు. ముదురు రంగులు. ఏ గడి చోటూ మారదు. రాయలేనివాళ్ల కోసం ప్రతి ఫారంలో మైకు బొమ్మ పెట్టాను. దాన్ని ఒత్తి హిందీలో మాట్లాడితే ఫోన్ అక్షరాలుగా మార్చి పంపుతుంది. ఖాసిం భాయ్‌కి దక్కనీ ఉర్దూ ఎలాగూ వచ్చు. మొదటిరోజే మైకు ఒత్తి, తన గదిలో కుళాయి కారుతోందని ప్లంబర్‌ని తిడుతూ ఒక పెద్ద ఉపన్యాసం పంపాడు. మర్నాడు కుళాయి బాగైంది. "మన పిలగాడు జేసిండు" అని క్యాంపంతా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం వెళ్లేవాణ్ని. పరీక్షలు చేయడానికని ఆఫీసులో రాసేవాణ్ని. నిజానికి భోజనానికి వెళ్లేవాణ్ని. బగారా అన్నం, దాల్చా. ఖాసిం భాయ్ వండేవాడు, రాజన్న ఉల్లిగడ్డలు కోసేవాడు, నేను ఊరికే కూర్చునేవాణ్ని. నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఈ దేశంలో నాకంటూ ఒక చోటుందంటే అదే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని చేసిన రోజున వాళ్లు నాకు ఎవరో తెలియని మనుషులు కారు. తెలిసినవాళ్లకే చేశాను.

ప్రొబేషన్ ముగియడానికి ఐదు వారాల ముందు ఆపరేషన్స్ మేనేజర్ పిలిచాడు. సైట్ బాగుందన్నాడు. బాగుండటమే ఇబ్బందిగా ఉందన్నాడు. డ్యూటీ మార్పు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, బస్సుల షెడ్యూలు వేయలేకపోతున్నాం అన్నాడు. మరి లింక్ తీసేయాలా అని అడిగాను. తీయకూడదు, క్లయింట్ వాళ్లు తనిఖీకి వస్తే ఉందా లేదా చూస్తారు అన్నాడు. ఆ వెంటనే, "ఉండాలి. కానీ అంత ఎదురుగా ఉండక్కర్లేదు. నువ్వు డిజైనర్‌వి, నీకు చెప్పాలా?" అన్నాడు.

అతను అంతవరకే చెప్పాడు. అది ఆజ్ఞ కూడా కాదు. మిగతాదంతా నాదే.

ఏం చేశానో వరుసగా చెబుతాను. డ్యూటీ మార్పును మొదటి పేజీలోంచి తీశాను. "నా పత్రాలు" లోపల "నిబంధనలు" అని ఒకటుండేది, దాని లోపల "ఇతర దరఖాస్తులు", దాని లోపల పెట్టాను. పేరు మార్చాను. "డ్యూటీ మార్పు" బదులు "షిఫ్ట్ సవరణ అభ్యర్థన" అన్న అర్థం వచ్చే పెద్ద హిందీ మాట పెట్టాను. నాలుగు క్లిక్‌లు. చదవగలిగినవాడికి నాలుగు క్లిక్‌లు. చదవలేనివాడికి ఎన్ని? లెక్క లేదు.

ఇక మొదటి పేజీలో మూడో వరుస కుడివైపు గడి ఖాళీ అయింది. ఖాళీగా వదిలితే ఏమవుతుంది? వాళ్ల వేలు ఖాళీలో పడుతుంది, ఏమీ తెరుచుకోదు, ఏదో మారిందని తెలుస్తుంది, అడుగుతారు. నాకా సంగతి ఎలా తెలుసు? వాళ్లే నేర్పారు. అందుకని అక్కడ "సలహాలు" అనే గడి పెట్టాను. అందులోనూ మైకు. అది ఒక మెయిల్‌కు పోతుంది. ఆ మెయిల్ ఎవరూ చూడరు. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

ఆ గడికి ఎరుపు రంగు వేశాను.

రంగు గురించి మేనేజర్ ఏమీ అనలేదు. ఎరుపు వేయమని ఎవరూ చెప్పలేదు. నీలం వేసి ఉంటే కొందరైనా ఆగి, ఇదేంటని పక్కవాణ్ని అడిగేవారు. నేను కాసేపు ఆలోచించే వేశాను. నీలం పెట్టి చూశాను, మళ్లీ ఎరుపు పెట్టాను. నాలుగేళ్లుగా నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ మేనేజర్ మీద పెట్టుకోవచ్చు. ఆ ఎరుపు ఒక్కటి ఎవరి మీదా పెట్టలేను.

వారం తిరిగేసరికి డ్యూటీ మార్పు దరఖాస్తులు దాదాపు ఆగిపోయాయి. మేనేజర్ భుజం తట్టాడు. నేను శుక్రవారాలు క్యాంపుకు వెళ్లడం తగ్గించాను. ఒకసారి జ్వరమన్నాను. ఒకసారి పనుందన్నాను. వెళితే ఎవరైనా ఫోన్ చేతికిచ్చి అడుగుతారేమోనని భయం. గదిలో కిటికీ పక్కన మళ్లీ మాట్లాడని శుక్రవారాలు మొదలయ్యాయి.

ఇక ఆ ఫోన్ గురించి చెప్పాలి. మిగతాదంతా ఎలాగోలా రాసేశాను. ఇక్కడ చేయి ఆగుతోంది.

ఒక గురువారం మధ్యాహ్నం. నేను ఆఫీసులో భోజనం ముగించి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఖాసిం భాయ్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, రెండు వారాలాయె, వస్తలేవు. మా దాల్చా ఉప్పైందా?"

"లేదు భాయ్. పని."

"సరె. ఒక్క మాట అడుగుత, నారాజ్ గాకు. ఆ ఎర్ర డబ్బా సరిగనే పనిజేస్తుందా?"

ఏమైంది అన్నాను.

"నా కండ్లు జర ఖరాబైనయ్ తమ్మీ. మగ్రిబ్ అయి పొద్దుగూకిందంటే సాలు, ఎదుటి బండి లైట్ల సుట్టు గుండ్రంగ పూలు పూస్తున్నయ్. పొద్దుగాల సీకట్ల తీసుకపోయే బండి నాదే గదా. నలభై మంది ఎనక పండుకోని ఉంటరు. నాకు భయమైతుంది. పగటి బండి ఇయ్యుండ్రి, కండ్లు సూపించుకుంట అని పెట్టిన. ఏడుసార్లు పెట్టిన. జవాబు లేదు."

"క్యాంప్ బాస్‌ను అడిగినవా?"

"అడిగిన. ఆన్‌లైన్ల పెట్టు అంటడు. పెట్టిన అంటే, రాలే అంటడు. నాకు చదువు రాదాయె. నేను కరెక్ట్ డబ్బానే ఒత్తుతున్ననా తమ్మీ? మూడో వరుస, కుడిదిక్కు?"

ఇప్పుడు చెప్పండి, ఒక మనిషి ఇంతకంటే సూటిగా ఎలా అడుగుతాడు? కాదు భాయ్, అది మారింది, ఇలా పో అని నేను చెప్పడానికి అరనిమిషం చాలు. నాలుగు చోట్ల ఒత్తాలి, ఫోన్లోనే చెప్పి చేయించవచ్చు. నాకు తెలుసు. కానీ ఇంకొకటి కూడా తెలుసు. అతనికి చెబితే సాయంత్రానికి రాజన్న అల్మారా తలుపు మీద కొత్త గీతలు పడతాయి. ఒక్కరికి చెబితే క్యాంపంతటికీ చెప్పినట్టే. సోమవారానికి దరఖాస్తులు మళ్లీ మొదలవుతాయి. నా ప్రొబేషన్ కాగితం మీద ఇంకా సంతకం కాలేదు. ఇంకా పన్నెండు రోజులుంది. ఇదంతా నేను మెట్ల దగ్గర నిలబడి ఒక్క ఊపిరిలో లెక్క వేసుకున్నాను. నా బుర్ర అంత వేగంగా పనిచేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"కరెక్టే భాయ్," అన్నాను. "అదే డబ్బా. జర ఓపిక పట్టు, వస్తది."

"అట్లనా? నువ్వు చెప్పినవంటే సరె. నేనే ఏమన్న తప్పు జేస్తున్ననేమో అనుకున్న." ఫోన్ పెట్టబోతూ, "రేపు రా. రాజన్న నిన్ను మస్తు యాది జేస్తుండు," అన్నాడు.

అది అబద్ధం. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ నేను అంత చెడ్డవాణ్ని కాదని అప్పుడు నాకొక సమాధానం ఉండేది. అతని దరఖాస్తును నేనే మెయిల్లోంచి తీసి, నిశ్శబ్దంగా డ్యూటీ విభాగానికి పంపేద్దామనుకున్నాను. నేను రోజూ చేయాల్సిన పనులు వరుసగా రాసుకుంటాను. శుక్రవారం సెలవు తర్వాతి రోజు వరుసలో ఆరో పనిగా రాశాను, "ఖా. భా. పంపాలి" అని. ఆ రోజు ఐదు పనులయ్యాయి. ఆరోది తర్వాతి రోజుకు మార్చాను. పంపితే అది సలహాల పెట్టెలోకి ఎందుకొచ్చిందని అడుగుతారు కదా? దానికేం చెప్పాలో ఆలోచించి పంపుదామని. మళ్లీ మార్చాను. ప్రతిరోజూ ఆ పేరును నా చేత్తో కొత్త పేజీలో రాసేవాణ్ని. మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే అది వేరే కథ.

తొమ్మిదో రోజు ఉదయం పొగమంచు పడింది. ఖాసిం భాయ్ బస్సు రౌండబౌట్ దగ్గర డివైడర్‌ను గుద్దుకుని పక్కకు ఒరిగింది. రాజన్న ఫోన్ చేసి చెప్పాడు. అతనూ ఆ బస్సులోనే ఉన్నాడు. ఎవరూ చనిపోలేదు. ఒక నేపాలీకి మెడ కింది ఎముక విరిగింది. ఇంకొకరికి పళ్లు ఊడాయి. ఖాసిం భాయ్‌కి నుదురు పగిలింది, కుడిచేయి మణికట్టు విరిగింది. రాజన్న ఏడవలేదు. "లైట్లు గనవడలేదట సారూ. మబ్బుల ఏదీ గనవడలేదట," అని మళ్లీ మళ్లీ అన్నాడు.

ఎవరూ చనిపోలేదు అని ఇప్పుడు రాసినప్పుడు కూడా నాకు ఊరట కలిగింది చూశారా? ఆ రోజు కూడా ముందు అదే కలిగింది. ఆ తర్వాతే సిగ్గు.

ఆసుపత్రిలో పరీక్షిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు. కంపెనీ విచారణ పెట్టింది. కళ్లు కనిపించవని తెలిసి బండి ఎందుకు నడిపావని అడిగారు. చాలాసార్లు ఆన్‌లైన్లో పెట్టానని చెప్పాడు. వాళ్లు డ్యూటీ మార్పు రికార్డు తీశారు. అతని పేరు మీద ఒక్కటి కూడా లేదు. అప్పుడు సేఫ్టీ విభాగం నుంచి నాకు మెయిల్ వచ్చింది. ఈ డ్రైవర్ ఇలా అంటున్నాడు, సైట్‌లో ఏదైనా లోపం ఉందా అని.

జవాబు రాయడానికి ముందు సలహాల పెట్టె తెరిచాను. మొదటిసారి తెరిచాను. ఖాసిం భాయ్‌వి ఏడూ ఉన్నాయి. అతను చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది. మొదటిది పొడుగ్గా ఉంది, నమస్కారాలతో, ఊరి పేరుతో, పంతొమ్మిదేళ్లలో ఒక్క చలాన్ లేదన్న మాటతో. పోనుపోను చిన్నవయ్యాయి. ఏడోది ఇంతే: "సాబ్, నేను మాట్లాడేది మీకు వినిపిస్తుందా?" అతనివే కాదు. ఇంకా చాలామందివి ఉన్నాయి. నడుం నొప్పి అన్నవాడు, మేస్త్రీ కొడుతున్నాడన్నవాడు, రాత్రి డ్యూటీ వద్దన్నవాడు. అందరూ ఆ ఎర్ర గడిలోకే మాట్లాడారు. ఎవరూ సలహాలేమీ ఇవ్వలేదు.

పెట్టె మూసి జవాబు రాశాను. నేను ఏది రాసినా అంకెలు వేసి రాస్తాను. ఒకటి, డ్యూటీ మార్పు లింక్ ఆ రోజులన్నిట్లోనూ సైట్‌లో ఉంది. రెండు, లింక్ పనిచేస్తోంది. మూడు, ఆ విభాగంలో ఈ ఉద్యోగి పేరుతో ఏ దరఖాస్తూ నమోదు కాలేదు.

మూడూ నిజాలే. నాలుగోది కూడా నిజమే, కానీ రాయలేదు. అతని దరఖాస్తులు నా దగ్గరే ఉన్నాయన్నది నాలుగోది. పంపే ముందు మూడింటినీ మళ్లీ చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు. ఇంత శుభ్రంగా రాసింది నేను ఇంకేదీ లేదు.

ఖాసిం భాయ్ ఆరోగ్యం గురించి దాచాడని, విచారణలో అబద్ధం చెప్పాడని తేల్చారు. ఉద్యోగం పోయింది. కట్టు విప్పగానే ఇంటికి పంపేశారు. పోయేరోజు నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సిందని కొన్నిసార్లు అనిపిస్తుంది. అతను నన్ను ఏమీ అడగలేదు. విచారణలో ఆ నాలుగు క్లిక్‌ల దారి పెద్ద స్క్రీన్ మీద వేసి చూపించారట. అన్నీ సక్కగనే ఉన్నయంట తమ్మీ, నేనే తప్పు డబ్బా ఒత్తిన, నీకు గూడ అడిగి పరేషాన్ జేసిన, నా వల్ల నీ పని మీద మాట రాలేదు గదా అన్నాడు. ఏ మాటా రాలేదన్నాను. మంచిగ పోయిరా భాయ్ అన్నాను.

మరి అదే డబ్బా కరెక్ట్ అని నువ్వే చెప్పావు కదా అని అతను ఎందుకు అడగలేదు? ఆలోచించీ ఆలోచించీ ఒక జవాబు దగ్గరికే వస్తాను. నేను అబద్ధం చెప్పి ఉంటానన్నది అతనికి తోచలేదు. నేను చెప్పింది తనకే సరిగా అర్థం కాలేదని, తనే వరుస తప్పు లెక్కపెట్టాడని తననే అనుమానించుకున్నాడు.

నా ప్రొబేషన్ కాగితం మీద సంతకమైంది. రెండు నెలల తర్వాత ఆ మేనేజర్ వేరే చోటికి బదిలీ అయ్యాడు. ఒక మధ్యాహ్నం ఎవరినీ అడక్కుండా డ్యూటీ మార్పును పాత చోటికి తెచ్చాను. పాత పేరు పెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ గమనించలేదు. అప్పటికి వాళ్లు ఆ డబ్బా ఒత్తడమే మానేశారు. సలహాల పెట్టెలోని తక్కినవాటిని కూడా నేను ఎవరికీ పంపలేదు. అదీ ఇక్కడే చెప్పేస్తున్నాను.

తర్వాత ఉద్యోగం మారాను. ఇప్పుడు వేరే ఆఫీసు, మంచి జీతం. అందరూ నా మెనూలు తేలిగ్గా ఉంటాయంటారు. ఏది ఎక్కడుండాలో నాకు బాగా తెలుసంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మంచినీళ్లు తాగే వంకతో లేచి వెళ్లిపోతాను. క్యాంపుకు మళ్లీ పోలేదు. తెలుగు మాట వినిపిస్తే పక్కకు తప్పుకుంటాను. ఎవరైనా అల్ ఖోర్ అంటే, మెట్‌పల్లి అంటే, మాట మారుస్తాను. నేను ఒంటరిగా ఉన్నానంటే దానికి ఈ దేశాన్ని ఏమీ అనడానికి లేదు. ఉన్న ఒక్క చోటునూ నేనే మూసుకున్నాను.

కిందటి సంవత్సరం ఒక సూపర్‌మార్కెట్లో రాజన్న కనిపించాడు. తప్పించుకునే వీల్లేకపోయింది. ఆగి మాట్లాడాను. ఖాసిం భాయ్ కళ్లకు ఊళ్లో ఆపరేషన్ అయిందట. బాగా కనిపిస్తున్నాయట. కానీ బస్సు పడేసి, అబద్ధమాడి వచ్చాడన్న మాట ఊరిదాకా పోయింది, బండి ఎవరూ ఇవ్వడం లేదట. అల్లుడి టైర్ల దుకాణంలో కూర్చుంటున్నాడట. "మిమ్ముల అడుగుతడు సారూ. పిలగాడు మంచోడు, నా బాధ పట్టిచ్చుకున్నది ఆయనొక్కడే అంటడు," అన్నాడు. నంబర్ కూడా ఇచ్చాడు.

ఆ నంబర్ నా ఫోన్లో ఉంది. ఎందుకు చేయను? అతను తిడతాడని కాదు. తిడితే బాగుండు. నేను చెప్పగానే అతను క్షమించేస్తాడని భయం. పోనీలే తమ్మీ, అయిందేదో అయిందని అంటాడు. అనే మనిషే. అప్పుడు నేనేం చేయాలి? ఊళ్లో అతను పోగొట్టుకున్న మాట నా ఒక్క ఫోన్‌తో తిరిగి వస్తుందా? ఆ కంపెనీకి ఇప్పుడు రాస్తే ఆ ఫైల్ తెరుస్తారా? తెలియదు. తెలియదని రాసి చేతులు దులుపుకోవడం కూడా తప్పించుకోవడమే కావచ్చు. అదీ తెలియదు. ఏదో ఒక రోజు చేస్తానని ఇక్కడ రాయలేను. రోజుకో రోజు వాయిదా వేయడంలో నేనెంతటివాణ్నో మీరు చూశారు.

ఇవాళ శుక్రవారం. గదిలో మిగతా ముగ్గురూ బయటికి వెళ్లారు. పొద్దున్నుంచి రాస్తున్నాను. అంకెలు వేయకుండా రాయడం కష్టంగా ఉంది. మీరు నన్ను ఏమనుకున్నా సరే, అది మీ దగ్గరే ఉండనివ్వండి. ఖాసిం భాయ్ ఎక్కడా అబద్ధం చెప్పలేదు. అతన్ని అబద్ధాలకోరును చేసింది నేను. ఇంత కాలం ఈ మాట నా తలలో ముక్కలుగానే ఉండేది, సగం దాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు పూర్తిగా రాశాను, నా కళ్లతోనే చదువుకున్నాను. ఊపిరి కొద్దిగా ఆడుతోంది.